దిగని విమానం

తాండూరు రైల్వే స్టేషన్ ఎదుట టికెట్లు బుక్ చేసే చిన్న దుకాణంలో భవ్యశ్రీ పనిచేస్తుంది. ముంబై రైలుకీ, తిరుపతి రైలుకీ, పండరీపురం పోయే బస్సుకీ టికెట్లు తీస్తుంది. అందుకని వాళ్ల గల్లీలో ఆమెకు తెలియని ప్రయాణం భూమ్మీద లేదని పేరు పడిపోయింది. ఎవరి మేనల్లుడు దుబాయ్ నుంచి దిగుతున్నా, ఎవరి మరదలు షిరిడీ పోతున్నా వచ్చి అడిగేది ఆమెనే. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టు, ఆ పిల్ల విమానాశ్రయం గేటు కూడా చూసి ఎరగదు. ఒకసారి శంషాబాద్ మీదుగా బస్సులో పోతూ కిటికీలోంచి ఒక విమానం తోక చూసింది, అంతే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పినా ఎవరూ నమ్మేవాళ్లు కాదు.

అలాంటి పిల్ల మీద ఒక విమానాన్ని ఆకాశంలో ఆపి ఉంచే పని వచ్చి పడింది.

భవ్యశ్రీ పెద్దమ్మ గోవిందమ్మకు కడుపులో గడ్డ. హైదరాబాదులో కోయించారు, మళ్లీ లేచింది. మందులు మార్చారు, మనిషి సగమైంది. ఆఖరికి వికారాబాద్‌లో ఒక దవాఖానాలో పెట్టుకుని చూస్తుంటే, అక్కడి ముసలి డాక్టరు భవ్యశ్రీ తల్లి నాగరాణిని వరండాలోకి పిలిచి, "ఇంటికి తీసుకపోండమ్మా. ఈడ మేం చేసేదేం లేదు. చూసుకోవాల్సినోళ్లు ఎవరన్న ఉంటే పిలిపించుకోండి" అన్నాడు.

చూసుకోవాల్సినవాడు ఒక్కడే. రాజేందర్.

రాజేందర్ గోవిందమ్మకు తమ్ముడని లోకం లెక్క. అసలు లెక్క వేరు. వాళ్ల తల్లి రాజేందర్‌ను కని, పురుడు తీరకముందే కన్నుమూసింది. అప్పటికి గోవిందమ్మ కొత్త కోడలు. బొంరాస్‌పేట దగ్గర అత్తగారింటికి వెళ్లి ఏడాది కూడా కాలేదు. చెల్లెలు నాగరాణి తనంత తాను జడ వేసుకోగలదు కాబట్టి తండ్రి దగ్గర ఉండిపోయింది. పసిగుడ్డును ఎవరు చూస్తారు? చంకనేసుకుని అత్తవారి వాకిట్లో నిలబడితే, "సారె తెస్తదనుకుంటే తమ్ముణ్ని తెచ్చింది" అని అత్త దెప్పింది. గోవిందమ్మ నవ్వి ఊరుకుంది. ఆవు పాలలో బట్టపేలిక ముంచి చీకించి వాణ్ని బతికించుకుంది. ఆమె కడుపు పండలేదు. దానికి ఆమె ఏడ్చినట్టు ఎవరూ చూడలేదు. భర్త పోయాక తాండూరులో చెల్లెలింటికి వచ్చి, భవ్యశ్రీకి జడలు వేస్తూ, కందిపప్పు చెరుగుతూ ఉండిపోయింది.

రాజేందర్ పెరిగి పెద్దవాడై తాండూరు నాపరాతి గనుల్లో డ్రిల్లింగ్ మిషన్ నడిపాడు. గనిలో నీళ్లు ఊరి మూతపడ్డాక ఒక ఏజెంటు వెంట మస్కట్ పోయాడు. అక్కడి కంపెనీ వాడి పనితనం చూసి చిలీ దేశంలో రాగి గనికి పంపింది. ఆ దేశం ఎక్కడుందో గల్లీలో ఎవరికీ అంతుపట్టలేదు.

"దుబాయ్‌కి అవతలనా, ఇవతలనా?" అని గల్లీలో ముసలమ్మ బుగ్గమ్మ అడిగింది.

"దుబాయ్ అవతల, సముద్రం అవతల, ఇంకో సముద్రం అవతల" అంది భవ్యశ్రీ.

"ఇగ అవతల ఏముంటదే పోరీ, దేవుడుంటడు" అని బుగ్గమ్మ మూతి తిప్పుకుంది.

డాక్టరు మాట చెప్పగానే రాజేందర్ ఫోన్లో ఏడ్చాడు. మూడేళ్లయింది వాడు ఊరికి వచ్చి. వెంటనే సెలవు పెట్టాడు, కంపెనీ టికెట్ ఇచ్చింది.

అంబులెన్స్ అనంతగిరి ఘాట్ దిగుతుండగా గోవిందమ్మ కళ్లు తెరిచింది.

"తమ్ముడు బయలెల్లిండా బిడ్డా?"

"రేపు విమానం ఎక్కుతడు పెద్దమ్మా."

"ఎంత దూరముంటది?"

రైలు దూరాలైతే భవ్యశ్రీ నోటికి చెప్పేది. ఇది ఆమె ఎరిగిన దూరం కాదు. ఫోన్ తీసి రెండు విమానాశ్రయాల పేర్లు కొట్టింది, ఒక పక్క శంషాబాద్, ఇంకో పక్క సాంటియాగో. రెండింటి మధ్యా వంకరగా ఒక గీత వచ్చింది. దూరం పదహారు వేల కిలోమీటర్ల పైన. ఎక్కడా దిగకుండా ఎగిరితే దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ. అలా ఎక్కడా దిగకుండా వచ్చే విమానం మాత్రం ఏదీ లేదని అడుగున చిన్న అక్షరాల్లో ఉంది.

"పదారు వేల కిలోమీటర్లు పెద్దమ్మా."

"నాకు గట్ల చెప్తే తెల్వదు. గిప్పుడు మనం వికారాబాద్ నుంచి తాండూరు పోతున్నం గద, గిట్ల ఎన్నిమాట్లు పోతే వాడున్న కాడికి పోతం?"

భవ్యశ్రీ లెక్క కట్టి, "నాలుగొందల మాట్లు" అంది.

గోవిందమ్మ కాసేపు అంబులెన్స్ పైకప్పు వైపు చూసింది. "ఒక్క మాటుకే నా నడుం ఇరిగిపోతున్నది. వాని నడుం ఏం గావాలె?"

నాగరాణికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చి కొంగు నోట్లో కుక్కుకుంది.

"నడుమ దిగుతడా?"

"రెండు జాగలల్ల మారాలె. మనం దోమ ఊరి నుంచి వికారాబాద్ రావాల్నంటే పరిగిల బస్సు మారుతం సూడు, గట్ల."

"పరిగిల దిగితే చాయ్ తాగుతం గద. వాడు తాగుతడా?"

"తాగుతడు పెద్దమ్మా."

"అయితే మంచిదే" అని గోవిందమ్మ కళ్లు మూసుకుంది.

ఇంటికి చేరేసరికి బుగ్గమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. పుట్టేవాళ్లకు మంత్రసాని ఎలాగో ఆ గల్లీలో పోయేవాళ్లకు బుగ్గమ్మ అలాగ. ఎవరింట్లో మంచం పట్టినా పిలవకుండానే వస్తుంది, అరికాళ్లు ముట్టుకుంటుంది, ముక్కు చూస్తుంది, గోళ్లు చూస్తుంది, ఒక మాట చెబుతుంది. ఆ మాట తప్పినట్టు ఎవరికీ జ్ఞాపకం లేదు. తప్పినవి ఎవరూ జ్ఞాపకం పెట్టుకోలేదని భవ్యశ్రీ అనుమానం. కానీ ఆ అనుమానం బుగ్గమ్మ ముందు అనగల మొనగాడు తాండూరులో లేడు.

బుగ్గమ్మ తులసి నీళ్లు పోసింది. చేనుకాడి మట్టి నీళ్లలో కలిపి నాలుకకు రాసింది. గోవిందమ్మకు ఇష్టమని జొన్నరొట్టె పాలలో నానబెట్టి పెదవికి తాకించింది. ఆఖరి ఆశ ఏదైనా మిగిలి ఉంటే ప్రాణం దాన్ని పట్టుకుని వేలాడుతుందని, అది తీరిస్తే హాయిగా పోతుందని పెద్దవాళ్ల నమ్మకం. అన్నీ చూసి బుగ్గమ్మ తల ఊపింది.

"పోవాల్సిన పానమే. కానీ ఆగింది. తమ్ముని మీద ఆగింది. వాడొచ్చి ముంగట నిలబడి అక్కా అంటడు, అన్నంక పోతది. అప్పటిదాకా యముడొచ్చి గుంజినా కదలదు."

అందరూ నిట్టూర్చారు. భవ్యశ్రీకి ఆ మాటలో ధైర్యమే కనిపించింది.

మర్నాడు పొద్దెక్కాక రాజేందర్ ఫోన్ చేశాడు. ఇక్కడ ఎండ వాకిట్లోకి వచ్చింది, అక్కడ ఇంకా నిన్నటి రాత్రే నడుస్తోంది. విమానాశ్రయంలోనే ఉన్నానన్నాడు.

"నేనొచ్చేదాకా ఉంటదా భవ్యా? దారి దగ్గర గాదు. నడుమల ఏమన్న అయితే?"

"ఉంటది మామా, నువ్వు ఫికర్ చెయ్యకు. బుగ్గవ్వ చూసి చెప్పింది. నీకోసమే పానం పట్టుకోని ఉన్నదంట. నువ్వొచ్చి ముంగట నిలబడి అక్కా అన్నంకనే పోతదంట. అప్పటిదాకా యముడొచ్చినా కదలదంట."

అవతల ఎవరో తెలియని భాషలో మైకులో ఏదో చెబుతున్నారు.

"బుగ్గవ్వ అన్నదా?"

"అన్నది."

"బావను ఆఖరికి మీ ఇంటికి తెచ్చినప్పుడు గూడ చెప్పింది. చెప్పినట్టే అయింది" అని మెల్లగా అన్నాడు. తర్వాత, "ఎక్కుతున్న" అని పెట్టేశాడు.

భవ్యశ్రీ పరుగున పోయి పెద్దమ్మ చెవిలో చెప్పింది. "మామ విమానం ఎక్కిండు." గోవిందమ్మ ముఖం కడిగిన పళ్లెంలా తేటపడింది. అంతకుముందు రెండు రోజులుగా నీళ్లు కూడా మింగని మనిషి ఆ పూట గంజి అడిగి తాగింది.

ఆ రోజంతా ఇంట్లో విమానం మాటే. గోవిందమ్మ తెలివి వచ్చినప్పుడల్లా, "ఏడున్నడు?" అని అడిగేది. భవ్యశ్రీ ఫోన్‌లో ఆ వంకర గీత చూసి, ఇప్పుడు కొండల మీద ఉన్నాడనో, సముద్రం మీద ఉన్నాడనో చెప్పేది. తిన్నాడా అంటే తిన్నాడు, పడుకున్నాడా అంటే పడుకున్నాడు. కిటికీ పక్కన సీటు దొరికిందా అంటే దొరికింది. పెద్దమ్మ కోసం ఆ పిల్ల చిన్న అబద్ధాలు బాగానే ఆడింది. పెద్ద అబద్ధం తనకే తెలియకుండా ఆడుతున్నానని ఆమెకు అప్పటికి తెలియదు.

మరుసటి రోజు మళ్లీ ఫోన్ వచ్చింది. మామ నడుమ ఎక్కడో దిగి ఉంటాడనుకుని భవ్యశ్రీ ఫోన్ పట్టుకుని పెరట్లోకి పోయింది.

"చాయ్ తాగినవా మామా? పెద్దమ్మ మల్ల మల్ల అడుగుతున్నది."

"నేను ఎక్కలే భవ్యా."

"ఎక్కలే అంటే ఏంది? విమానం తప్పిపోయిందా?"

"విమానం తప్పలే, నేనే తప్పుకున్న. వరుసల నిలబడ్డ. నా వంతు వచ్చింది. కాలు ముంగటికి పడలే. వెనుకకు మర్లి వచ్చిన."

"దేనికి మామా?"

"నువ్వే చెప్పినవ్ గద. నేనొస్తే పోతదని."

భవ్యశ్రీకి ముందు అర్థం కాలేదు. అర్థమైన తర్వాత బట్టలుతికే బండ మీద కూలబడింది.

"నేను రావాల్నని చూసింది అక్కను చూడనీకి" అంటున్నాడు రాజేందర్. "సాగనంపనీకి గాదు. నేను ముంగట నిలబడి అక్కా అంటేనే పోతదంటే, నేను నిలబడ. అనను. ఏండ్లకేండ్లు ఈడనే ఉంట. ఆమె ఆడ ఉంటది. ఉంటే చాలు నాకు."

"నీకు పిచ్చి లేసిందా? అంతంత పెద్ద మిషన్లు నడిపెటోనివి, బుగ్గవ్వ మాట పట్టుకోని విమానం ఇడిసిపెడ్తవా?"

"మిషన్ వేరు, అక్క వేరు."

భవ్యశ్రీ నోటికొచ్చినట్టు తిట్టింది. పెంచిన చేతులు మంచంలో వణుకుతుంటే రానివాడివి నువ్వేం తమ్ముడివంది. పాలు తాగి రొమ్ము గుద్దేవాడంటే నువ్వేనంది. రాజేందర్ ఒక్క మాట ఎదురు చెప్పకుండా పడ్డాడు. ఆమె అలిసిపోయాక, "నేను ఇంకా విమానంలనే, మొగులు మీదనే ఉన్ననని చెప్పు. దించకు భవ్యా. నీ కాళ్లు మొక్కుత, నన్ను దించకు" అన్నాడు. మేనమామ మేనకోడలి కాళ్లు మొక్కుతానంటే వినలేక ఆమె ఫోన్ కట్టేసింది.

లోపలి నుంచి గోవిందమ్మ పిలుపు వినిపించింది. "తమ్ముడేనా బిడ్డా? ఏడున్నడంట?"

భవ్యశ్రీ గడపలో నిలబడింది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. పెద్దమ్మ ముఖంలో ఆ వెలుగు చూసింది. "సముద్రమ్మీద ఉన్నడు పెద్దమ్మా" అంది.

ఉన్నమాట చెప్పుకోవాలి. మామను తిట్టిన ఆ పిల్లకే పెద్దమ్మ కావాలి. స్కూలుకు పోయే రోజుల్లో రిబ్బన్లు కట్టిన చేతులవి. మొదటి జీతం తెచ్చి ఇస్తే, లెక్క పెట్టకుండా కళ్లకద్దుకున్న చేతులవి. విమానం పైన ఉన్నంతకాలం పెద్దమ్మ కింద ఉంటుందంటే, ఎగరనీ అనుకుంది. ఇద్దరూ చెరో కొసన పట్టుకుని ఒకే తాడును లాగుతున్నారు. దాని నడుమ ఉన్న మనిషి సంగతి ఇద్దరూ అడగలేదు.

భవ్యశ్రీ మాటల్లో ఆ విమానానికి రాని కష్టం లేదు. మొదట మారే చోట మంచు కమ్మింది. రెండో చోట ముందు విమానం దాటిపోయి మామ బెంచీ మీద కూర్చుండిపోయాడు. ఇంకో విమానం దొరికితే దాని ఇంజన్ వేడెక్కి వెనక్కి తిప్పారు. భవ్యశ్రీ తండ్రి శివయ్య నాపరాతి లారీ నడుపుతాడు, బండి కష్టాలు తెలిసినవాడు. అతనికే ఓపిక పోయింది.

"ఇది విమానమా, మన కర్ణాటక బార్డరు కాడ ఇసుక లారీయా? ఎక్కడపడితే అక్కడ ఆగుతది?"

"ఆకాశం కథ మనకేం తెలుస్తది నాన్నా" అంది భవ్యశ్రీ, ముఖం పక్కకు తిప్పుకుని.

గోవిందమ్మ నిజంగానే ఉంది. బుగ్గమ్మ మాట నిలబడింది. కానీ ఉండడం అంటే ఎలా ఉండడం? డాక్టరు ఇచ్చిన నొప్పి మందు పనిచేయడం మానేసింది. వీపు కింద చర్మం ఊడి మంచం దుప్పటికి అంటుకుంటోంది. పక్కకు తిప్పితే అరుస్తుంది, తిప్పకపోతే మూలుగుతుంది. గంజి పోయింది, నీళ్లు పోయాయి, తడిగుడ్డతో పెదవులు తుడవడమే మిగిలింది. ఒక్క మాట మాత్రం పోలేదు. "ఏడున్నడు?" మూలుగుకూ మూలుగుకూ మధ్య అడుగుతుంది. సముద్రం మీద ఉన్నాడంటే, పళ్లు బిగించి ఇంకో పూట మోస్తుంది.

నాగరాణి అక్క పడే నరకం చూడలేక బుగ్గమ్మ ముందు కూలబడింది. "నా దేవుడు నన్ను తిట్టనీ అవ్వా. అక్క ఇగ పోతే బాగుండు. వాడెప్పుడొస్తడో. ఏదన్న చేయరాదు?"

బుగ్గమ్మ ఆలోచించింది. ఇలాంటి వేళలకు పెద్దవాళ్లు కనిపెట్టిన ఉపాయం ఒకటుంది. రావలసినవాడు రాకపోతే ఇంట్లో మగవాడెవరైనా చెవి దగ్గర కూర్చుని వాడి పేరుతో వచ్చానని చెప్పాలి. ప్రాణం నమ్మి లేచిపోతుంది. మోసమే, కానీ అందులో పాపం లేదంటారు.

శివయ్యను కూర్చోబెట్టారు. లారీ స్టీరింగు పట్టుకునే చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆ పెద్దమనిషి గొంతు సన్నం చేసుకున్నాడు.

"అక్కా... రాజేందర్‌ను. వచ్చిన."

గోవిందమ్మ కళ్లు తెరవనైనా తెరవలేదు. "శివయ్యా" అంది, "పొద్దు పోయింది గద, తిన్నవా అయ్యా?"

శివయ్య లేచి బయటికి పోయాడు. కండువా నోటికి అడ్డం పెట్టుకుని వేపచెట్టు కింద నిలబడి ఏడ్చాడు. వదిన అని పిలవాల్సిన మనిషిని అక్కా అన్నందుకు కాదు. అంత నొప్పిలోనూ ఆమె తన ఆకలి అడిగినందుకు.

మర్నాడు మధ్యాహ్నం నాగరాణి స్నానానికి పోయినప్పుడు మంచం దగ్గర భవ్యశ్రీ ఒక్కతే ఉంది. గోవిందమ్మ చేయి దుప్పటి మీద తడుముతూ వచ్చి ఆమె వేళ్లు పట్టుకుంది.

"ఏడున్నడు?"

"వస్తున్నడు పెద్దమ్మా. సముద్రమ్మీద..."

"ఇంకా సముద్రమేనా బిడ్డా? ఎంత సముద్రమే అది?" ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "కూసోని కూసోని వాని కాళ్లు వాస్తయి. జర దించరాదు వాన్ని. నాతోని ఐతలేదు బిడ్డా. నేను మోస్తలేను. దించు."

భవ్యశ్రీ తల మంచంపట్టీకి ఆనించి ఏడ్చింది. ఆ మనిషికి నిజం తెలుసో తెలియదో ఆమెకు అంతుపట్టలేదు. తెలియనక్కర లేదు కూడా. తాను నిలబెట్టింది విమానాన్ని కాదు, ఈ నొప్పిని. పూటపూటకూ ఇంకో పూట నొప్పిని తన చేత్తో తానే పోసింది. మామ అయితే దూరంగా ఉన్నాడు, ఈ అరుపు వినలేదు. పక్కనే కూర్చుని విన్న తనదే ఎక్కువ తప్పు అనిపించింది.

అమ్మ తల తుడుచుకుంటూ రాగానే ఎదురుపోయి చెప్పేసింది. "మామ విమానం ఎక్కలేదమ్మా. మొదటి నుంచి ఎక్కలే. నేనే అబద్ధం చెప్పిన."

కారణం కూడా చెప్పింది. నాగరాణి చేయి లేచింది. కొడుతుందనుకుంది భవ్యశ్రీ. ఆ చేయి దారిలోనే ఆగిపోయి తన నుదుటిమీదే పడింది. "వాడు పుట్టినప్పుడు మమ్మల్ని కన్న అవ్వ పోయింది" అంది నాగరాణి. "వాడొస్తే ఎవరో ఒకరు పోతరని చిన్నప్పటి నుంచి వాని మనసుల ఉన్నది. మా ఊరోళ్లు అననీకి అన్నరు, వాడు మర్చిపోలే." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఫోన్ చెయ్యి వానికి" అంది.

చిలీలో అప్పుడే తెల్లారుతోంది. ఫోన్ ఒక్కసారి మోగగానే రాజేందర్ ఎత్తాడు.

"ఉన్నదా?"

"ఉన్నది మామా. ఎట్లున్నదో వింటవా?"

భవ్యశ్రీ ఫోన్‌ను మంచం దగ్గరికి తీసుకుపోయి, పెద్దమ్మ నోటి దగ్గర పట్టుకుంది. ఆ మూలుగు పదహారు వేల కిలోమీటర్లు పోయింది. దానికి ఎక్కడా మారాల్సిన పని పడలేదు. కాసేపటికి అవతల నుంచి, "ఇగ చాలు, ఇగ చాలు భవ్యా" అన్న గొంతు వినిపించింది.

"గిట్లనే ఉన్నది మామా. నువ్వు దిగకుండ ఆపినన్ని దినాలు గిట్లనే ఉన్నది. నాది గూడ తప్పే. నేను గూడ ఆపిన. నీకోసం బతుకుతలేదు, నీకోసం నొప్పి పడుతున్నది. ఇడిసిపెడదాం మామా. విమానం వద్దు, ఏం వద్దు. గీ ఫోన్లకెల్లి రా. నీ గొంతు దప్ప ఎవరి గొంతూ పట్టదు ఆమెకు. నాన్న చూసిండు, కాలే."

అవతల మామ ముక్కు చీదుకోవడం వినిపించింది. గది తలుపు వేసుకున్నట్టు చప్పుడైంది.

"చెవి కాడ పెట్టు" అన్నాడు.

నాగరాణి అక్క తల ఒళ్లోకి తీసుకుంది. బుగ్గమ్మ అరికాళ్ల దగ్గర కూర్చుంది. శివయ్య గుమ్మంలో నిలబడ్డాడు. భవ్యశ్రీ ఫోన్‌ను పెద్దమ్మ చెవికి ఆనించింది. నలుగురికీ వినిపిస్తోంది.

"అక్కా."

మూలుగు ఆగింది.

"అక్కా, నేనే. వచ్చిన."

గోవిందమ్మ కళ్లు తెరిచింది. ఆమె చూపు గుమ్మం వైపు పోయింది. గుమ్మంలో ఉన్న శివయ్య తెలియకుండానే పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

"దిగినవా తమ్మీ?"

"దిగిన అక్కా. వాకిట్ల ఉన్న. చెప్పులు ఇడుస్తున్న."

"మస్తు దూరమాయె గద నాయినా."

"దూరం లేదక్కా. ఒక్క నిద్ర తీసిన, అంతే."

"కాళ్లు కడుక్కో." పెదవులు తడబడ్డాయి. ఆ ముఖంలో ఇన్నాళ్లుగా బిగిసి ఉన్నదేదో ముడి విప్పినట్టు సడలింది. "నాగీ, వానికి అన్నం పెట్టు" అంది.

"పెడ్తనక్కా" అంది నాగరాణి.

ఒక ఊపిరి వచ్చింది. అందరూ రెండోదాని కోసం చూశారు. బుగ్గమ్మ లేచి వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టింది, కనురెప్పలు తన చేత్తో మూసింది. నాగరాణి గొంతు ఒక్కసారిగా ఇల్లు లేచిపోయేలా పగిలింది.

ఆ ఏడుపు ఫోన్‌లోకి పోయింది.

"అక్కా?" అన్నాడు రాజేందర్. "అక్కా! రాలే అక్కా, నేను రాలే! అబద్ధం చెప్పిన, ఇంకా ఈడనే ఉన్న! దిగలే, ఎక్కనే లే! అక్కా, వినవడుతున్నదా? నేను ఇంకా రాలే!"

చిలీలో గని క్యాంపులో మనిషి అలా అరుస్తూనే ఉన్నాడు. కట్ చెయ్యమని శివయ్య సైగ చేశాడు. భవ్యశ్రీ చెయ్యలేదు. మామ అరుపు ఆగేదాకా ఫోన్‌ను పెద్దమ్మ చెవి దగ్గరే పట్టుకుని కూర్చుంది.